ఒడ్డుననున్న పడవలు



కృత్తివెన్ను తీరమున ఇసుకమీదికి లాగిన పడవలను నీవు ఎన్నిమారులో చూచియుందువు. అటువంటి పడవలనే 1888 జూనులో విన్సెంట్ వాన్ గో అను డచ్చి చిత్రకారుడు ఫ్రాన్సు దక్షిణ తీరపు పల్లెయొకదానిలో చూచెను. జాలరులు పెందలకడనే సముద్రముమీదికి పోవుచుండిరి గనుక, రంగులు వేయుటకు వ్యవధి లేక, గీతలు మాత్రము గీసికొని బసకు వెళ్లి ఎరుపు, నీలము, ఆకుపచ్చ రంగులతో వాటిని చిత్రించెను. అందులో ఒక పడవమీద "స్నేహము" అను అర్థముగల ఫ్రెంచి మాట కనబడును.

ఈయన పాదిరిగారి కుమారుడు. 1879లో బెల్జియము బొగ్గుగనుల కూలీలమధ్య సువార్త పని చేయుచు, తన బట్టలు సహితము వారికిచ్చివేసి గుడిసెలో నుండెను. పంపినవారు ఆయనను ఆ పనిలో కొనసాగింపలేదు. చిత్రకారుడైన పిమ్మటను ఆదరించినవారు కొద్దిమందే. తమ్ముడు తియో పంపిన డబ్బే ఆయనకు రంగులును రొట్టెయు నాయెను. 1890లో 37 ఏండ్లకే కన్నుమూసెను. నేడు లోకమంతయు ఆయనను మెచ్చుకొనుచున్నది. అందులో ఆయన చెవిని పడినది బహు స్వల్పము.

ఇది దూరదేశపు సంగతి అందువా? మన పెడన కలంకారీవారిని చూడుము. బట్టను కరక్కాయ నీట ముంచి, బెల్లమును ఇనుప తుక్కును నానవేసి నలుపు తీసి, చెక్క అచ్చులతో అద్ది, పారునీట జాడింతురు. 17వ శతాబ్దమున డచ్చివారును ఇంగ్లీషువారును మచిలీపట్నపు రేవునుండి ఇట్టి బట్టలను ఓడలకెత్తిరి. ఈ తూర్పుతీరపు పాత బట్టలు కొన్ని లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమున నేటికిని భద్రముగా నున్నవి. వాటిని చేసిన చేతుల పేర్లు మాత్రము నిలువలేదు.

"మనుష్యులు చూడకున్నను దేవుడు చూచును" అని మనమందుము. శ్రమపడువానికి అది ఆదరణయే. అయితే ప్రక్కనున్నవాడు ఆ మాట పలికి ఊరకుండునెడల అది ఆదరణ కాదు, సాకు. దేవుడు చూచుచున్నాడు గనుక నేను చూడనక్కరలేదని ఎవడనగలడు?

నిర్గమకాండము 31వ అధ్యాయము చదువుము. గుడారపు పనికి ఏర్పరచిన బెసలేలు పేరును ప్రభువే మోషేకు తెలిపెను. వాని తండ్రి పేరును, గోత్రమును సహితము చెప్పెను. చేతిపని చేయుటకును తన ఆత్మనే అనుగ్రహించెను. పనివాని పేరు పలుకుట దేవునికి చిన్నతనము కాలేదు.

మన సంఘములలో చందా ఇచ్చినవారి పేర్లు బండమీద చెక్కింతుము. తెల్లవారకమునుపే గుడి ఊడ్చు అవ్వ పేరు ఎందరికి తెలియును? ఇతరుల వలలు బాగుచేసియిచ్చు తాత పేరు ఏ ప్రార్థనలో వినబడినది?

ఈ ఆదివారము ఇల్లు చేరకమునుపు అట్టివారిలో ఒకరి పేరడిగి తెలిసికొనుము. ఆ పేరుతో పలుకరించుము, వారి అక్కర విచారించుము. తియో తన అన్నకు చేసినది అదియే, బ్రతికియుండగనే చేసెను.