ఎవరి గద్దె, ఎవరి రాణి?

అరకులో డిగ్రీ అమ్మాయిలకు మటిల్డా కథ చెబుతున్నాను. తన తరువాత ఇంగ్లండు రాజ్యం కూతురిదేనని మొదటి హెన్రీ ప్రభువులచేత ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన పోగానే ఆమె మేనత్త కొడుకు స్టీఫెన్ కిరీటం పెట్టుకున్నాడు. 1141లో పట్టాభిషేకానికి లండన్ చేరిన ఆమెను నగరవాసులు తరిమేశారు. ఆమెకు పొగరని రాశారు. చివరికి 1154లో రాజయింది ఆమె కొడుకు.

"మా కొండల్లో రాణుల్లేరా మేడమ్?" అని ఓ కొండదొర అమ్మాయి అడిగింది.

ఉంది. ఇవే తూర్పు కనుమల్లో గొలుగొండ జమీందారీ. 1836లో పాత జమీందారు భార్య జమ్మ దేవమ్మను కంపెనీ ప్రభుత్వం గద్దెనెక్కించింది. కొండ ముఠాదార్లను మాటమాత్రం అడగలేదు. వాళ్లు ఆమెను ఎత్తుకుపోయి చంపేశారు. మరుసటి ఏడే ఆ జమీందారీని సర్కారు కొనేసుకుంది.

అధికారం చేజారిన స్త్రీల మీదే డాక్టరేట్ చేశాను. మటిల్డా పక్షాన నిలబడటం సులువు. దేవమ్మ దగ్గర ఆగిపోయాను. ఆమె హత్యను ఏ తిరుగుబాటు పేరుతోనూ సమర్థించలేను. ఆమె గద్దెను స్త్రీ విజయమనీ అనలేను. ఇచ్చినవాళ్లది కాదు ఆ కొండ. ఆడదానికి రాజ్యమెందుకు ఇవ్వలేదని ఇన్నాళ్లూ అడిగాను. అది ఎవరి రాజ్యం, ఎవరిచ్చారు అని అడగలేదు. ఒక ప్రశ్నను వదిలేసి రెండోది అడిగితే న్యాయం సగమే.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి కాసేపు ఊరుకుంది.

"రాజున్నా రాణి ఉన్నా శిస్తు కట్టింది మా ముత్తవ్వలే కదా మేడమ్, వాళ్ల కథ ఎక్కడుంది?"

నా నోట్సులో లేదు.