జవాబు ఏ భాషలో చెప్పాలి?

వెల్ష్ భాషని చెవి ద్వారా నేర్పే ఒక కోర్సు ఉంది. పేరు 'సే సమ్‌థింగ్ ఇన్ వెల్ష్'. ఆరన్ జోన్స్, ఆయన తోటివాళ్ళు 2009లో మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకం పట్టుకుని కూర్చోనక్కర్లేదు, వ్యాకరణం పట్టికలు బట్టీ పట్టనక్కర్లేదు. రాసుకోవద్దని వాళ్ళే చెబుతారు. ఇంగ్లీషులో ఒక వాక్యం వినిపిస్తుంది, తర్వాత కాసేపు ఖాళీ. ఆ ఖాళీలో మనం ఆ వాక్యాన్ని వెల్ష్‌లో పైకి అనాలి, మనసులో అనుకుంటే చాలదు. వెంటనే రెండు గొంతులు, ఒకటి మగ, ఒకటి ఆడ, అదే వాక్యాన్ని పలికి వినిపిస్తాయి. మనం అన్నది తప్పా ఒప్పా అని తేల్చుకునేలోపు ఇంకో వాక్యం వచ్చి పడుతుంది.

మొట్టమొదట నేర్పేవాటిలో ఒకటి "ద్వీ ఇషో షారద్ కమ్‌రైగ్". నాకు వెల్ష్ మాట్లాడాలని ఉంది. (ఇది ఉత్తర వేల్స్ మాట. దక్షిణాన 'ఇషో' బదులు 'మొయ్న్' అంటారు. రెండు ప్రాంతాలకీ వేరువేరు పాఠాలు చేశారు. కోస్తా తెలుగుకీ తెలంగాణ తెలుగుకీ విడివిడిగా పాఠాలు చేసే ధైర్యం మనకి ఎప్పుడొస్తుందో!)

మామూలు వాచకాలు "ఇది బల్ల, అది కుర్చీ" అనో, "స్టేషన్ ఎక్కడుంది?" అనో మొదలవుతాయి. ఇది కోరికతో మొదలవుతుంది. పైగా ఆ కోరికని చెప్పడమే దాన్ని తీర్చుకోవడంలా ఉంటుంది. వెల్ష్ మాట్లాడాలని ఉంది అని వెల్ష్‌లో అన్నవాడు వెల్ష్ మాట్లాడినట్టేగా? నా అనుమానం సరిగ్గా ఇక్కడే. గిన్నెలు తోముకుంటూ ఫోనుకి చెప్పిన మాట మాట్లాడటం కిందికి వస్తుందా? భాష రావడం అనేది నేర్చుకునేవాడి నోట్లో ఉందా, వినేవాళ్ళ చేతిలో ఉందా?

గిల్బర్ట్ రైల్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త 1949లో వచ్చిన 'ద కాన్సెప్ట్ ఆఫ్ మైండ్'లో రెండు రకాల తెలియడాన్ని విడదీశాడు. ఫలానా విషయం ఇలా ఉంటుందని తెలియడం ఒకటి, ఫలానా పని చెయ్యడం తెలియడం ఇంకొకటి. మొదటిది ఎంత పోగుచేసినా దానంతట అది రెండోది అయిపోదు. ఈత మీద పుస్తకం మొత్తం కంఠతా వచ్చినవాడు చెరువులో మునుగుతాడు, ఒక్క సూత్రమూ చెప్పలేని పిల్లాడు ఈదుకుంటూ పోతాడు. ఈ కోర్సు ఈదే పిల్లాడి పక్షం.

ఆ పక్షం ఎంత బలమైనదో వెల్ష్‌లో బాగా తెలుస్తుంది. ఆ భాషలో మాట మొదటి హల్లు తన ముందున్న మాటని బట్టి మారిపోతుంది. తండ్రి 'తాద్'. నా తండ్రి 'వ న్హాద్', నీ తండ్రి 'ద దాద్'. 'అతని', 'ఆమె' అన్న రెండు అర్థాలకీ పలికే మాట ఒకటే, 'ఇ'. 'ఇ దాద్' అంటే అతని తండ్రి, 'ఇ థాద్' అంటే ఆమె తండ్రి. ('థ'ని ఇంగ్లీషు 'థింక్'లోలా పలకాలి.) ఎవరి తండ్రి అన్నది తండ్రి మాటలోని మొదటి హల్లు చెబుతుందన్నమాట. ఇంగ్లీషువాళ్ళు దీనికి హడలిపోతారు. మనం అంత హడలక్కర్లేదు. 'పూచెను', 'కలువలు' కలిస్తే 'పూచెఁ గలువలు' అవుతుందని, పరుషాలు సరళాలవుతాయని బళ్ళో చదువుకున్నవాళ్ళమే. క గ కావడం, త ద కావడం, ప బ కావడం వెల్ష్‌లోనూ జరుగుతాయి. తేడా ఏమిటంటే మన సరళాదేశం పద్యాల్లో ఉండిపోయింది, వాళ్ళది చిన్నపిల్లల నోట్లో ఉంది. ఆ పిల్లలకి సూత్రం తెలీదు. కోర్సు కూడా సూత్రం జోలికి పెద్దగా పోదు. 'ద దాద్' అని పదిసార్లు అనిపిస్తుంది, పదకొండోసారి 'ద తాద్' అంటే మన చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంతవరకూ బాగుంది. కానీ ఈత పోలికలో ఒక చిక్కుంది. ఈతకి నీళ్ళు కావాలి, భాషకి మనుషులు కావాలి. నీళ్ళు ఈతగాణ్ణి చూసి "పాపం, అవస్థ పడుతున్నాడు" అని పక్కకి తప్పుకోవు. మనుషులు తప్పుకుంటారు.

ఉత్తర వేల్స్‌లో కయర్నార్వన్ అని ఒక ఊరు. వీధిలో వెల్ష్ మామూలుగా వినిపించే పట్టణాల్లో అదొకటి. ఆర్నెల్లపాటు చెవిలో పాఠాలు పెట్టుకుని తిరిగిన మనిషి ఒకడు అక్కడ కాఫీ కొట్టుకి వెళ్ళాడనుకుందాం. వెల్ష్‌లో కాఫీ అడుగుతాడు. మాట మధ్యలో ఒక్క క్షణం తడబడతాడు. కౌంటర్ వెనకామె చిరునవ్వు నవ్వి, "పాలు వెయ్యమంటారా?" అని ఇంగ్లీషులో అడుగుతుంది. అంతే, అయిపోయింది. పాఠంలోని ఖాళీ అతని కోసం ప్రతిసారీ ఎదురుచూసింది. మనిషి చూడలేదు.

వెల్ష్‌లో 'అవును' అనడానికి అన్నిచోట్లా సరిపోయే ఒకే మాట లేదు. మనం "వస్తావా?" అంటే "వస్తా" అన్నట్టు, ప్రశ్నలో ఏ క్రియ ఉందో చూసుకుని దానికి తగ్గ జవాబివ్వాలి. అంటే అవతలివాళ్ళు వెల్ష్‌లో అడిగితేనే వెల్ష్‌లో అవుననే వీలు. ఆమె ఇంగ్లీషులో అడిగింది కాబట్టి మనవాడు "యెస్" అన్నాడు.

ఆమె చేసింది దయతోనే. వెనక వరస పెరుగుతోంది, ఎదుటివాడు ఇబ్బంది పడుతున్నాడు, ఇద్దరికీ వచ్చిన భాష ఇంకోటి చేతిలో ఉంది. నలుగురు వెల్ష్‌వాళ్ళ మధ్యలోకి ఇంగ్లీషు మాత్రమే వచ్చిన ఐదోవాడు వచ్చి కూర్చుంటే నలుగురూ ఇంగ్లీషులోకి మారిపోవడం అక్కడ మర్యాద. మంచి మర్యాదే. కానీ ఆ భాషకి ద్వేషం వల్ల ఎంత నష్టం జరిగిందో, దయ వల్లా అంతే జరిగిందని నాకనిపిస్తుంది.

ద్వేషం సంగతి కాగితాల మీదే ఉంది. వేల్స్‌లో చదువుల పరిస్థితి మీద 1847లో వచ్చిన ప్రభుత్వ నివేదిక, అక్కడివాళ్ళు 'నీలి పుస్తకాలు' అని ఇప్పటికీ తిట్టుకునేది, ఆ జనం బాగుపడటానికి వాళ్ళ భాషే అడ్డమని తేల్చింది. విచారణ చేసిన ముగ్గురు అధికారులకీ వెల్ష్ రాదు. అదే శతాబ్దంలో చాలా బళ్ళలో 'వెల్ష్ నాట్' నడిచింది. వెల్ష్‌లో మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవాళ్ళు. వాడు ఇంకో పిల్లవాణ్ణి పట్టిస్తే అది వాడి మెడకి మారుతుంది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు. ఇది ద్వేషమే అనుకుంటాం. కానీ అలా చెయ్యమని చట్టమేమీ చెప్పలేదు. చాలాచోట్ల ఆ పంతుళ్ళు వెల్ష్‌వాళ్ళే. కనీసం కొందరు తల్లిదండ్రులకి అది సమ్మతమే. పిల్లవాడికి ఇంగ్లీషు వస్తేనే బతుకుతాడన్నది వాళ్ళ బెంగ. ఇదంతా మనకి దూరపు కథ కాదు. కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీశారని పేపర్లలో వచ్చింది 2009లోనే, అక్కడ ఈ కోర్సు మొదలైన సంవత్సరమే.

1911 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు సుమారు 9,77,000 మంది, వేల్స్ జనంలో 43.5 శాతం. 2021లో సుమారు 5,38,000 మంది, 17.8 శాతం. 2050 నాటికి పదిలక్షల మంది వెల్ష్ మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. బళ్ళలోనుంచి కొందరు, ఇలా ఇయర్‌ఫోన్ల లోనుంచి కొందరు వస్తారు. వచ్చినవాళ్ళని లెక్కపెట్టవచ్చు. వాళ్ళతో ఎవరు మాట్లాడతారు?

ఇప్పుడు కౌంటర్ వెనకామె తరఫున కూడా వాదించాలి. ఆమె కాఫీ అమ్ముకోవడానికి వచ్చింది, పాఠం చెప్పడానికి కాదు. ఆమె భాష ఆమెకి ఇల్లు, దారినపోయే ప్రతివాడికీ అభ్యాసం చేసుకునే మైదానం కాదు. ప్రపంచంలో ఏ ఇంగ్లీషు మాట్లాడేవాడి మీదా లేని బరువు, అంటే నోరు తెరిచినప్పుడల్లా భాషని బతికించే బరువు, ఆమె మీద మాత్రం ఎందుకుండాలి?

అసలు కాఫీ అడిగినవాడెవడు? సెలవుల్లో వచ్చి, సముద్రం నచ్చి, లీన్ ద్వీపకల్పంలో ఇల్లు కొనుక్కున్నవాడు కూడా కావచ్చు. ఆ తీరపు ఊళ్ళలో సెలవుల ఇళ్ళు పెరిగి ధరలు ఎక్కేశాయి, ఊరి పిల్లలకి సొంత ఊళ్ళో ఇల్లు కొనే స్తోమత లేకుండా పోయింది. చలికాలంలో కొన్ని వీధుల్లో దీపం వెలగదు. 1979 నుంచి పదేళ్ళకి పైగా 'మైబియోన్ గ్లిన్‌దూర్' అనే రహస్య ముఠా ఇలాంటి ఇళ్ళకి నిప్పు పెట్టింది. దాన్ని సమర్థించనక్కర్లేదు, ఆ మంట ఎక్కడ రాజుకుందో తెలిస్తే చాలు. అలాంటి ఊరికి వచ్చినవాడు వెల్ష్ నేర్చుకుంటే, నేర్చుకోకపోవడం కన్నా వెయ్యిరెట్లు నయం. దాంతో అప్పు తీరిపోయిందనుకుంటే మాత్రం పొరపాటు. కష్టపడి నేర్చుకున్నాను కాబట్టి మీరంతా సంతోషించాలి అనే గొంతు నేర్చుకునేవాళ్ళలో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఆ గొంతు నాకు నచ్చదు.

కాబట్టి ఆమెకి "వెల్ష్‌లో జవాబు చెప్పడం నీ బాధ్యత" అని చెప్పే హక్కు అతనికి లేదు. నాకూ లేదు. ఐనా ఒక మాట మిగిలే ఉంటుంది. ఇంగ్లీషులోకి మారడం ఆమెకి అలవాటు కావచ్చు, కానీ అది ఒక నిర్ణయం కూడా. "నీ కోసం మారాను" అని ఆమె అనుకుంటుంది. "నువ్వు బయటివాడివి" అని అతనికి వినిపిస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఈ ముక్క హైదరాబాదులో కూర్చుని చదివేవాళ్ళకి విడమరిచి చెప్పాలా? బీహారు నుంచో ఒడిశా నుంచో పనికొచ్చిన కుర్రాడు "అన్నా, ఇది పెట్టాలె, అది తియ్యాలె" అని ముక్కలు ముక్కలుగా తెలుగు మొదలుపెడతాడు. మనం వెంటనే హిందీలోకి దిగిపోతాం, మన హిందీ అతని తెలుగు కన్నా గొప్పదేం కాకపోయినా. ఐదేళ్ళ తర్వాత "ఇన్నాళ్ళున్నాడు, ఒక్క ముక్క తెలుగు రాలేదు" అని విసుక్కుంటాం. అమెరికాలో పుట్టిన మనవడు "తాతయ్య వచ్చింది" అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతాం, ముద్దుకే నవ్వుతాం. వాడు మర్నాటినుంచి ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ద్వేషించలేదు.

నేర్చుకునేవాడు చెయ్యగలిగినది ఒకటుంది. ఆమె ఇంగ్లీషులో అడిగినా తను వెల్ష్‌లోనే చెప్పడం. మొండితనంగా కాదు, ఆలస్యమైతే నవ్వులపాలయ్యేది తనే అని ఒప్పుకుని. ఇది చెవి పాఠాలు నిజంగా ఇవ్వగల బలం. వేలసార్లు తప్పు పలికి, ఆగకుండా ముందుకి పోయిన నోటికి సిగ్గు కాస్త అరుగుతుంది. వ్యాకరణం చదివినవాడు తప్పు తెలుసుకుని ఆగిపోతాడు. వీడు ఆగడు. పది క్షణాలు ఆగకుండా ఉంటే కొన్నిసార్లు అవతలివాళ్ళు తిరిగి వస్తారు.

మరి తిరగబడే సందర్భమూ ఉంది. మతిమరుపు జబ్బు ముదిరిన ముసలివాళ్ళలో కొందరికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్ననాటిది మిగులుతుంది. ఎనభై ఏళ్ళు రెండు భాషల్లో బతికిన మనిషికి చివరికి వెల్ష్ ఒక్కటే మిగలొచ్చు. అందుకే అక్కడి వైద్య సేవల్లో ఒక నియమం తెచ్చారు. రోగి అడిగేదాకా ఆగకూడదు, వెల్ష్‌లో మాట్లాడమంటారా అని వైద్యం చేసేవాళ్ళే ముందు అడగాలి. అన్ని వార్డుల్లోనూ అడగడానికి వెల్ష్ వచ్చినవాళ్ళు ఉండరు. డాక్టర్లలో, నర్సుల్లో మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళలో ఎవరో బస్సులో వస్తూ నాలుగు వాక్యాలు చెవిలో నేర్చుకుని ఉంటే, ఆ నాలుగింటితోనే మంచం పక్కన కూర్చోవాలి. అక్కడ 'తాద్' 'దాద్' అయిందా లేదా అని ఎవరూ చూడరు. ముసలామె ఇంగ్లీషులోకి మారదు, మారడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు. జవాబు వెల్ష్‌లోనే వస్తుంది, గబగబా, పళ్ళు లేని నోటితో, పాఠంలోని గొంతులకి ఏమాత్రం పోలిక లేకుండా. నర్సుకి సగం కూడా అర్థం కాదు. "మళ్ళీ చెప్పండి, కొంచెం మెల్లగా" అనాలి. ఆ వాక్యం ఎలాగూ నేర్చుకునే ఉంటుంది.