చిన్న చేతులలో పసిబిడ్డ



నవంబరు వచ్చునప్పటికి మన అరకు కొండలలో కాఫీపండ్లు ఎఱ్ఱబడును. తెల్లవారక మునుపే తల్లులు బుట్టలు పట్టుకొని తోటలకు ఎక్కుదురు. ఇంటియొద్ద ఎవరుందురు? ఎనిమిదేండ్ల పిల్ల, ఆ పిల్ల చంకలో ఏడాది బిడ్డ. "పెద్దపిల్ల యున్నది గదా" అని తల్లి చెప్పును. ఆ మాట మనమందరము చెప్పినవారమే. ఆ పిల్ల ఎప్పుడు పెద్దదాయెనని మాత్రము ఎవరమును అడుగలేదు.

ఇతరుల తప్పు ఎంచుటకు ఇది వ్రాయుట లేదు. ఐదేండ్ల క్రిందట ఆగష్టు మాసములో మేమును పాస్టరమ్మగారును గెడ్డ ఆవలి పల్లెలో ఒక రోగికొరకు ప్రార్థించుటకు పోయితిమి. తొమ్మిదేండ్ల మా పెద్దకుమార్తెకు తమ్ముని అప్పగించి, దీపము పెట్టువేళకు వచ్చెదమని చెప్పితిమి. మధ్యాహ్నము కొండమీద వాన కురిసి గెడ్డ పొంగెను. ఆ రాత్రి దాటలేకపోతిమి. ఆ పల్లెలో ఫోను సిగ్నలు లేదు. తెల్లవారి వచ్చి చూడగా తలుపు లోపల గడియ వేసియుండెను. ఇద్దరును క్షేమముగా ఉండిరి. నిప్పుకు భయపడి పిల్ల పొయ్యి రాజేయక, మిగిలిన చోడి అంబలి తమ్మునికి త్రాగించి తాను పస్తుండెను. సంఘమంతయు ఆమెను మెచ్చుకొనెను. మేమును ఆదివారము దానిని సాక్ష్యముగా చెప్పితిమి. నెల దాటిన పిమ్మట ఆమె తల్లితో చెప్పిన దేమనగా, తమ్ముడు ఏడ్చి ఏడ్చి నిద్రపోగా, చనిపోయెనేమోయని అతని ముక్కునొద్ద చేయి పెట్టుకొని తెల్లవారువరకు కూర్చుండెనట. ఆ సాక్ష్యము మేము మరల చెప్పలేదు.

నిర్గమకాండము 2వ అధ్యాయములోని మోషే అక్కను మనము పిల్లలకు మాదిరిగా చూపుచుందుము. (అక్కడ ఆమె పేరు లేదు, మిర్యాము అని తరువాత తెలియుచున్నది.) ఇప్పుడు ఆ అధ్యాయము చదువగా మఱియొకటి కనబడుచున్నది. ఆమె చేసిన పని ఏమి? దూరమున నిలిచి చూచుట, సమయము వచ్చినప్పుడు పోయి పిలుచుట. రాజకుమార్తెయెదుట ధైర్యముగా మాటలాడెను, నిజమే. గాని పిలువగానే వచ్చునంత చేరువలో తల్లి యుండెను. మా కుమార్తె తల్లి గెడ్డ ఆవల నుండెను.

కొందరు లూకా 2వ అధ్యాయము చూపుదురు. 12 ఏండ్ల యేసు యెరూషలేములో నిలిచిపోగా, యోసేపు మరియలు తెలియక ఒక దినప్రయాణము సాగిపోయిరి గదా, వారు అజాగ్రత్తపరులా? కారు. తోడివారి గుంపులో ఉన్నాడని తలంచిరి. గుంపు నిజముగా ఉండెను. మన పల్లెలలోను ఆ గుంపు కలదు. బిడ్డ ఏ గుమ్మమున ఏడ్చినను ఎవరో ఒకరు ఎత్తుకొందురు. పట్టణములలో ఈ భాగ్యము అరుదు. గాని కాఫీ కోతదినములలో ఆ గుంపు ఎక్కడ? అందరును తోటలలోనే. చూపానని అవ్వ మాత్రము అరుగుమీద ఉండును. ఊరు చూచుకొనునని ఖాళీ ఊరికి బిడ్డలను అప్పగించుచున్నాము.

ఎన్నేండ్ల బిడ్డను ఇంట ఒంటరిగా విడువవచ్చునో మన దేశపు చట్టము ఒక సంఖ్య చెప్పలేదు. 6 మొదలు 14 ఏండ్లవారు బడిలో ఉండవలెనని 2009 విద్యాహక్కు చట్టమును, బడివేళలు పోగా మిగిలిన వేళలలోను సెలవులలోనే యింటివారికి సాయపడవచ్చునని 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టమును చెప్పుచున్నవి. పగలంతయు తమ్ముని మోయు పిల్ల విషయములో వయస్సు ప్రశ్నకంటె బడి ప్రశ్నయే ముందు వచ్చుచున్నది. అంగన్‌వాడీలో 3 ఏండ్లు నిండినవారు కూర్చుందురు. అంతకు చిన్నవారు ఎవరి చంకలో? మగపిల్లవానిని ఈ పనికొరకు బడి మాన్పించితిమా?

వయస్సు అడుగుటకంటె, బట్టకు నిప్పంటుకొనిన ఏమి చేయుదువు, బిడ్డకు జ్వరము వచ్చిన ఎవరి యింటికి పరుగెత్తుదువు అని అడిగి చూడుడి. ఆ యింట ఈ దినము మనిషి ఉన్నదో లేదో మనమే పోయి చూడవలెను. బాగుగా జవాబు చెప్పిన పిల్లనైనను మొదట నీళ్ళకు పోయి వచ్చునంతసేపే విడువవలెను. మన కొండపిల్లలు తండ్రితో "నాకు భయము" అనరు, తల ఊపుదురు. ఆ తలయూపును మేము సమ్మతి అనుకొంటిమి.

క్రిందటి కోతకాలమున మా సంఘములో ఇద్దరు పెద్దమ్మలు కూలికి పోక, మందిరపు వసారాలో పసిబిడ్డలను చూచుకొనిరి. వారు పోగొట్టుకొనిన కూలిని తక్కినవారు తలాకొంత ఇయ్యవలెనని నిర్ణయించుకొంటిమి. రెండు వారములు ఇచ్చిరి. మూడవ వారము కొందరు "మా పెద్దపిల్ల యున్నది గదా" అని మానిరి. తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. ఈ నవంబరున మరల అడుగుదుము.

మా కుమార్తెకు ఇప్పుడు 14 ఏండ్లు. తమ్ముని ఒంటరిగా చూచుకొనగలవా అని మొన్న అడిగితిమి.

"మీరు ఎంత దూరము పోవుదురు నాన్నగారూ?" అని అడిగెను.