అక్షరానికి నియమం యెవరికోసం?

చైనా లిపిలో తొలి గీతలు దిద్దడం ముప్పయ్యేళ్లు దాటాక మొదలుపెట్టాను. అడ్డగీత, నిలువుగీత, యెడమకు జారే గీత, చుక్క, మలుపు - వేల అక్షరాల గీతలన్నీ యీ అయిదు తరగతులలో యిముడుతాయి. గీతలు త్వరలోనే పట్టుబడ్డాయి గాని, క్రమం నన్ను వేధించింది. పైనుంచి కిందికి, యెడమనుంచి కుడికి; అడ్డగీత, నిలువుగీత ఖండించుకునేచోట అడ్డగీత ముందు. కాగితంమీద తేలే రూపం ఒక్కటే అయినప్పుడు యే గీత ముందు గీస్తేనేం? సంప్రదాయం పేరిట యిది మరో దాస్యం కాదా?

జవాబు నా చేతే చెప్పింది. వేగంగా రాసేటప్పుడు గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందరి చేతులూ ఒకే క్రమంలో నడిస్తేనే, అలా కలిసిపోయిన అక్షరాన్ని మరొకరు పోల్చుకోగలరు. కనుక యీ నియమం రాసేవాడికీ చదివేవాడికీ మధ్య ఒడంబడిక.

అయితే వర్గసమాజంలో ఒడంబడికే అడ్డుగోడ కూడా కాగలదు. చైనాలో రాజోద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యాయి. ఆ పరీక్షలకు కావలసిన అక్షర పాండిత్యానికి యేళ్ల తరబడి తీరిక కావాలి. పొలంలో వొంగి పనిచేసేవాడికి ఆ తీరిక యెక్కడిది? లూసున్ 1919లో ప్రకటించిన 'కుంగ్ ఇ-చీ' కథలో, పరీక్ష గట్టెక్కని పండితుడొకడు సారాకొట్టులో పనిచేసే కుర్రవాడికి 'హ్వే' అనే అక్షరాన్ని నాలుగు విధాలుగా రాయవచ్చని చెబుతాడు. వేలిగోరు సారాలో ముంచి బల్లమీద రాసి చూపబోతాడు. కుర్రవాడు విసుగుతో తప్పుకుంటాడు. చదివి ముందు నవ్వుకున్నాను, తరువాత సిగ్గుపడ్డాను. ఆ అభాగ్యుడికి నేర్పాలనే ఆశ వున్నది. ఆ నాలుగు రూపాలతో కుర్రవాడికేం పని అన్న ఆలోచన మాత్రం లేదు. తరగతిలో అరసున్నల స్థానాలు వివరించేటప్పుడు నా ముఖమూ అలాగే వెలుగుతుందేమో!

1956లో చైనా ప్రభుత్వం లిపి సంస్కరణ చేపట్టింది. 'చదువు' అనే అక్షరంలోని 16 గీతలు 8 అయ్యాయి. 'ద్వారం'లోని 8 గీతలు 3 అయ్యాయి. ప్రజల పక్షాన వేసిన అడుగే యిది. అంతమాత్రాన గీతలు తగ్గించడమే విముక్తి అనుకోరాదు. పాత రూపాలనే నిలుపుకున్న తైవాన్‌లోనూ అక్షరాస్యత దాదాపు అందరికీ అందింది. బడి, గురువు, కూలి పోకుండా చదువుకునే తీరిక - యివి లేనిచోట మూడుగీతల ద్వారమైనా మూసే వుంటుంది.

నియమం కష్టమైనదా, సులువైనదా అనే వాదంతో యీ సమస్య తేలదు. ఆ కష్టం మనిషిని మనిషితో కలుపుతున్నదా, లేక కొందరిని బయట నిలబెడుతున్నదా అని అడగాలి. కలిపే నియమాన్ని ఓపికగా నేర్పాలి. వెలివేసే నియమాన్ని యెంత ప్రాచీనమైనా వదులుకోవాలి. యీ రెంటికీ తేడా విద్యార్థికి చెప్పలేని గురువుకు అతని తప్పులు లెక్కపెట్టే హక్కు లేదు. యెర్రసిరా కలం చేతపట్టే ముందు నేను జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న యిదే.