ప్రేక్షక ధర్మము

దేవాలయమునకు పోవువాడు దేనికి మ్రొక్కవలయునో ఎఱుగును. వస్తుప్రదర్శనశాలకు పోవువాడు మ్రొక్కనక్కఱ లేదని ఎఱుగును. శాసనములు పుట్టిన భవనమును చూడబోవువానికి మాత్ర మిట్టి నిశ్చయము లేదు. అక్కడ నిలిచినపుడు మనస్సున కలుగు గౌరవము ఎవరికి చెందవలయును? కట్టించిన రాజులకా, వాక్చతురులైన సభ్యులకా, లేక మఱియెవరికైననా? లండను నగరమునందలి వెస్టుమినిష్టరు పార్లమెంటు భవనమును చూచిన నాటినుండి ఈ ప్రశ్న మమ్ము విడువలేదు.

సభ జరుగని శనివారములందును, సభ్యులకు సెలవులైన దినములందును టిక్కెట్టు కొన్నవారికి ఆ భవనమును చూపుదురు. సభ జరుగు దినములలో పైనున్న గ్యాలరీనుండి చూచుటకు రుసుము లేదు. వాదోపవాదములను ఊరక వినవచ్చును గాని, ఖాళీ బల్లలను చూచుటకు సొమ్మీయవలయును! ఆ బల్లలమీదనైనను యాత్రికుడు కూర్చుండరాదు. నడువవచ్చును, చూడవచ్చును, అంతవఱకే అతని అధికారము.

ముందుగా ప్రవేశించునది వెస్టుమినిష్టరు హాలు. రెండవ విలియము 1097లో ప్రారంభించి రెండేండ్లలో కట్టించిన ఆ శాల 240 అడుగుల పొడవును, 68 అడుగుల వెడల్పును గలది. 1393లో రెండవ రిచర్డు రాజు దానికి ఓకు దూలములతో క్రొత్త కప్పు వేయించుటకు పూనుకొనెను. 1399లో ఆ శాలయందే కూడినవారు అతనిని సింహాసనమునుండి దింపిరి. దూలముల సొగసు ఛాయాచిత్రములందు దొరకును గనుక దానిని వర్ణించి చదువరుల కాలము హరింపము.

భారతీయుడైనవాడు అక్కడ తలపై కెత్తి చూచుటకు ముందు ఒకసారి నేలవైపు చూడవలసియున్నది. వారన్ హేస్టింగ్సుపై విచారణ 1788 ఫిబ్రవరి 13వ తేదీన ఈ శాలయందే ఆరంభమయ్యెను. ఎడ్మండు బర్కు నాలుగు దినములు ప్రారంభోపన్యాసము చేసెను. అయోధ్య బేగముల దురవస్థను షెరిడను వర్ణించుచుండగా శ్రోతలు కన్నీరు కార్చిరి. రాణి వచ్చెను, రాజకుమార్తెలు వచ్చిరి. ప్రభువంశీయులు టిక్కెట్లకై పోటీపడిరి. అవును, టిక్కెట్లే. ఆ శాలకు టిక్కెట్టు ప్రేక్షకులు క్రొత్తవారు కారు. పిమ్మట వింత తీఱిపోయెను, బల్లలు ఖాళీయయ్యెను. ఏడేండ్లు గడచి 1795 ఏప్రిల్ 23వ తేదీన హేస్టింగ్సు నిర్దోషి యని తీర్పు వచ్చెను. కంపెనీవారు అతనికి సంవత్సరమునకు 4,000 పౌనుల భరణ మేర్పఱచిరి. దూరదేశమును పాలించినవాడు తన దేశమున సమాధానము చెప్పవలయునను సూత్రమును బర్కు నిలిపెననుట నిజమే, అది చిన్న విషయము కాదు. కాని కన్నీరు కార్చినవారి మాట యేమి?

మన ఆలంకారికులు నాటకము చూచువానిని సామాజికుడనిరి. సభలో కూర్చుండువాడనియు ఆ మాటకే అర్థము. నాటకశాలలో దుశ్శాసనుడు ద్రౌపది చీర పట్టినపుడు సామాజికుడు లేచి అడ్డుపడడు, అడ్డుపడినచో రసభంగమగును. కన్నీరు పెట్టుటతో అక్కడ అతని ధర్మము తీఱును. కౌరవసభయందు కూర్చుండి ఆ దురంతమును నిజముగా చూచిన పెద్దలును సామాజికులే. వారి మౌనమును రసజ్ఞత యని ఎవరందురు? 1788లో ఆ శాలకు వచ్చినవారు సభకు వచ్చితిమనుకొని నాటకము చూచి పోయిరి. నేటి యాత్రికుడును అదే ద్వారమున ప్రవేశించుచున్నాడు.

అక్కడినుండి మెట్లెక్కిపోగా సెయింటు స్టీఫెన్సు హాలు వచ్చును. 1834 అక్టోబరు 16వ తేదీనాటి అగ్నిప్రమాదమునకు ముందు కామన్సు సభవారు కూర్చుండిన తావది. ఇరువైపుల రాజనీతిజ్ఞుల విగ్రహములు నిలిచియుండును. వానిలో ఫాక్లండు ప్రభువు విగ్రహమొకటి. రౌతులు గుఱ్ఱము నదలించుటకు మడమకు కట్టుకొను ముల్లు ఆ విగ్రహమున విఱిగియుండును. 1909 ఏప్రిలులో స్త్రీలకు వోటు కావలెనని మార్జరీ హ్యూమ్సు అను యువతి గొలుసుతో తన్ను ఆ విగ్రహమునకు బంధించుకొనెను. ఆమెను విడిపించు తొందరలో ముల్లు విఱిగెను. దానిని మరల అతికింపలేదు. మార్గదర్శకులు దానిని ప్రత్యేకముగా చూపుదురు, యాత్రికులు మెచ్చుకొందురు.

తన గాయమును దాచుకొనని సంస్థ ఉదారమైనదని కొందఱందురు. దాచుటకంటె చూపుట మేలేయని మేమును ఒప్పుకొందుము. అయినను గెలుపు నిశ్చయమైన పిమ్మట ఓడినవాడు మచ్చను చూపుటకు వ్యయమేమున్నది? ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ 1911 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి, అనగా జనాభా లెక్కల రాత్రి, ఆ భవనపు నేలమాళిగ ప్రార్థనాలయమునందలి బీరువాలో దాగియుండెను. కామన్సు సభ తన నివాసమని వ్రాయించుకొనుట ఆమె ఉద్దేశము. ఆ బీరువాయందు ఆమె పేరిట ఫలకము వెలసినది 1991లో. అదియును సభ తీర్మానించి పెట్టినది కాదు. టోనీ బెన్ను అను సభ్యుడు స్వయముగా బిగించినది.

కనుక విఱిగిన ముల్లు ముందు నిలిచినవాడు తన్ను ప్రశ్నించుకొనవలసిన దొకటి కలదు: 1909లో నేనిక్కడ నుండినచో ఎవరి పక్షము వహింతును? చదువుకొన్నవారమును, మర్యాదస్థులమును అగు మనవంటివారిలో పెక్కుమంది రక్షకభటుల పక్షమే వహించియుందురని మా యభిప్రాయము. "కోరిక న్యాయమే కాని పద్ధతి బాగులేదు" అని చెప్పి, గడియారము చూచుకొని, తక్కిన విగ్రహములవైపు సాగిపోయెడివారము. ఈ వాక్యము ఎన్ని ఇండ్లలో, ఎన్ని బడులలో నేటికిని వినబడుచున్నదో చదువరులకు తెలియనిది కాదు.

ఆ కాలమున సభను చూడవచ్చిన స్త్రీలు బరువైన లోహపు జాలకము వెనుక కూర్చుండవలసియుండెను. పెండ్లిండ్లును ఆస్తి పంపకములును పెద్దలు నిర్ణయించుచుండగా తలుపు చాటున నిలిచి విన్న మన స్త్రీలకు ఆ జాలకము సంగతి వివరింపనక్కఱలేదు. 1908 అక్టోబరులో మ్యూరియల్ మాటర్సును, హెలెన్ ఫాక్సును ఆ జాలకమునకే గొలుసులతో తమ్ము కట్టుకొని కేకలువేసిరి. గొలుసు విప్పుట సాధ్యము గాక, వారితో గూడ జాలకమును ఊడదీసి మోసికొనిపోవలసివచ్చెను! అది తిరిగి బిగింపబడి, 1917లో శాశ్వతముగా తొలగింపబడెను. మఱుసటి యేట ముప్పదియేండ్లు నిండిన స్త్రీలలో కొందఱికి వోటు వచ్చెను. పురుషులతో సమానముగా వచ్చుటకు 1928 కావలసివచ్చెను.

ఆ జాలకములు నేడు భవనమధ్యమునందలి సెంట్రల్ లాబీ కిటికీలకు బిగింపబడియున్నవి. సభ జరుగు దినములలో ఆ దేశపు పౌరుడెవడైనను ఆ మండపమునకు వచ్చి, తన ప్రతినిధిని చూడవలెనని కోరి కబురు పంపవచ్చును. సభ్యుడు వచ్చునను నిర్బంధము లేదు. అడుగు హక్కు మాత్రము కలదు. యాత్రికులకు ఆ మండపమున చూపబడునవి పైకప్పు మీది రంగుఱాళ్ల చిత్రములు.