పొరుగువారిని ఎఱుగుట

దేశాటనము చేసినవానికి బుద్ధి వికసించునని పెద్దలు చెప్పుచుందురు. నేనును చిన్ననాట ఈ మాటను నమ్మితిని. నా పిల్లలచేత వ్యాసములు వ్రాయించునప్పుడు దీనినే వ్రాయించితిని. కాని జూబ్లీహిల్సులో ఇరువదియేండ్లు కాపురముండిన పిమ్మట నాకు ఈ మాటయందు సందేహము కలిగినది. ఏలయన, మా వీధులవారికంటె ఎక్కువగా దేశములు తిరుగువారు తెలుగునాట అరుదు. ఒక పాటకొఱకు మంచుకొండలకును, మఱియొక పాటకొఱకు సముద్రతీరమునకును విమానమెక్కి పోయి వచ్చు సినిమావారు మాకు ఇరుగుపొరుగు. వారిలో నొకరిని, ఆ దేశపు జనులెట్టివారని ఒకనాడు అడిగితిని. "చలి మిక్కిలి యెక్కువ. అన్నము దొరకుట కష్టము. వెలుతురు మాత్రము చాల బాగుండును" అని ఆయన బదులు చెప్పెను. ఆ వెలుతురులో నడచుచున్న మనుష్యులను ఆయన చూచినట్లు నాకు తోపలేదు. అయినను ఆయనను తప్పుపట్టుటకు నేనెవ్వడను? నేను కాశికి పోయి వచ్చినప్పుడు నన్నెవరైన ఇదే ప్రశ్న అడిగియుండినచో, రైలు ఆలస్యమైన సంగతియు, పూరీలలో నూనె యెక్కువైన సంగతియు తప్ప వేఱేమియు చెప్పియుండను.

ఆ కాశికే 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి ఏనుగుల వీరాస్వామయ్యగారు బయలుదేరిరి. పెద్ద పరివారముతో సాగిన ఆ యాత్ర 1831 సెప్టెంబరున ముగిసినది. దారిలో ఆయన మా హైదరాబాదునుకూడ చూచిరి. ఆయన వ్రాసిన కాశీయాత్రాచరిత్ర 1838లో అచ్చుపడెను. దానిని చదువువారికి ఆశ్చర్యము కలిగించునది ఆయన భక్తికంటె ఆయన ప్రశ్నలే. ఏ యూరి నీరెట్టిది, ఎచ్చట ఏ వస్తువు దొరకును, ఏ యేటిని ఎట్లు దాటవలెను, ఎక్కడి జనులు ఏ భాష మాటలాడుదురు, ఏ యాచారములు పాటింతురు అని విచారించి, వ్రాసికొని, స్నేహితులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి తెలుపుచు వచ్చిరి. ఆయన ఆచారవంతులు. తమ స్నానసంధ్యలను, తమ మడివంటను విడిచినవారు కారు. కాని ఎదుటివారి యింట ఏమి వండుకొందురని అడుగుటకు ఆ మడి అడ్డము రాలేదు. ఆయన ఉద్యోగమేమో చూడుడు: సుప్రీముకోర్టులో ద్విభాషి. ఒకరి మాటను మఱియొకరికి చెడకుండ అందించుటయే పని. ఎదుటివాని మాట తన మాట కాదనియు, తనకు రుచించునట్లు దానిని మార్చినచో న్యాయము చెడుననియు ప్రతిదినమును గుర్తుంచుకొనవలసిన పని. యాత్రకు పోవు ప్రతివానికిని ఈ శిక్షణ ఆఱునెలలైన ఉండిన బాగుండునని నాకు తోచును.

ఆయన తిరిగి చెన్నపట్టణము చేరిన నూఱేండ్లకు, 1931లో, బొంబాయిలో "కాళిదాసు" అను మాటలాడు చిత్రము తయారైనది. నిర్మాత అర్దేషిర్ ఇరానీ పార్శీవాడు, దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి తెలుగువాడు. అందు నాయిక టి. పి. రాజలక్ష్మి అరవములో మాటలాడెను; నాయకుడు తెలుగులో బదులు చెప్పెను. ప్రేక్షకులు టిక్కెట్టు కొని ఈ సంభాషణమును వినిరి. ఆ చిత్రపు ప్రతి నేడు మనకు దక్కలేదు గాని, ఈ సంగతి చెప్పినప్పుడెల్ల వినువారు నవ్వుదురు. నాకును మొదట నవ్వు వచ్చినది. తరువాత ఆలోచింపగా, ఇప్పటి మన చిత్రములకంటె అందులోనే నిజము ఎక్కువగా నున్నదేమో అనిపించినది. ఇప్పుడు ఉత్తరదేశపు నాయిక పెదవులు కదల్చును. తెరవెనుక తెలుగు పిల్ల యెవరో గొంతు ఇచ్చును. మనకు వినబడునది స్వచ్ఛమైన తెలుగే. ఆ నాయిక తాను పలికిన మాటలకు అర్థమెఱుగదు. మనము ఆమె గొంతు ఎఱుగము. ఇరువురికిని ఏ శ్రమయు లేదు, పరిచయమును లేదు.

అదే "కాళిదాసు"లో ఏలూరు ప్రాంతపు పల్లెటూరినుండి బొంబాయికి పోయిన ఎల్. వి. ప్రసాదు అను యువకుడు చిన్న వేషము వేసెను. హిందీవారి మొదటి మాటల చిత్రమైన "ఆలం ఆరా"లోను, 1932లో వచ్చిన తెలుగువారి "భక్తప్రహ్లాద"లోను అతడే కానవచ్చును. తరువాత ఆయన తెలుగు, అరవము, హిందీ మూడింటను చిత్రములు తీసిన గొప్ప దర్శకుడును నిర్మాతయు నైనాడు. మా పొరుగు గుట్టయైన బంజారాహిల్సులో ఆయన పేర నేత్రవైద్యాలయము 1987 నుండి నడచుచున్నది.

ఆ కాలమున తెలుగు చిత్రములకు నెలవు చెన్నపట్టణము. వడపళనిలోని విజయా వాహినీవారి రంగస్థలములపై ఒకే కథను తెలుగులో నొకమాఱు, అరవములో నొకమాఱు తీయుచుండిరి. "పాతాళభైరవి", "మాయాబజారు" చిత్రములలో మన తాతలు మురిసిపోయిన వెన్నెలను పట్టినవాడు మార్కస్ బార్ట్లే అను ఆంగ్లో ఇండియను. ఆ సంస్థకు ప్రాణమువంటివాడైన చక్రపాణిగారి సంగతి ఇంకను విచిత్రము. ఆయనకు 1932లో క్షయరోగము రాగా మదనపల్లె శానిటోరియములో కొన్ని నెలలు ఉండవలసివచ్చినది. ఆ రోగశయ్యపై నుండియే ఆయన వంగభాష నేర్చుకొనెను. తరువాత శరత్తు నవలలను తెలుగుచేసెను. వానిని చదివిన మన ఆడువారు శరత్తు తెలుగువాడే యనుకొనిరట. మంచుకొండలకు పోయి వెలుతురును మాత్రము చూచి వచ్చిన మా పొరుగాయన ఎక్కడ? మంచము దిగకుండ వంగదేశమునకు పోయి వచ్చిన ఈయన ఎక్కడ?

ఇదంతయు కేవలము సౌహార్దముచేత జరిగినదని చెప్పినచో అబద్ధమగును. రెండు భాషలలో చిత్రము తీసిన రెండు విపణులు దొరకును. ఒకే రంగస్థలము రెండు మాఱులు పనికివచ్చును. లాభమే వారిని కలిపినదనుట నిజమే. కాని లాభముకొఱకు కూడినవారు ప్రతిదినము ఒకే పంక్తిలో భోజనము చేయుచు, ఒకరి తిట్లు ఒకరు నేర్చుకొనుచు ముప్పదియేండ్లు గడపినచో, ఆ లాభముతోపాటు మఱియొకటికూడ మిగులును. దానికి పేరు పెట్టుటకు నేను తొందరపడను.

ఇక 1955లో ప్రసాదుగారి దర్శకత్వమున చక్రపాణిగారు రచించిన "మిస్సమ్మ"ను గూర్చి కొంచెము ఆగి చెప్పవలసియున్నది. దాని మూలము రవీంద్రనాథ మైత్ర రచించిన వంగనాటకము. దంపతులైన ఉపాధ్యాయులు కావలెనని ఒక పల్లెటూరి జమీందారు ప్రకటించును. ఉద్యోగము లేని క్రైస్తవ కన్య మేరీయు, ఉద్యోగము లేని హిందూ యువకుడు రావును భార్యాభర్తలమని చెప్పి ఆ యింట చేరుదురు. రెండు మతములవారు ఒక కప్పు క్రింద, ఒకరి యాచారము నొకరు సహించుచు, అప్పుడప్పుడు సహింపలేక కసరుకొనుచు దినములు గడుపుట అందు ఎంత ముచ్చటగా చూపబడినది! మా యింట ఆ చిత్రమును ఎన్నిమాఱులు చూచితిమో లెక్కలేదు. కాని తుదకు ఏమైనది? మేరీ నిజముగా క్రైస్తవుల బిడ్డ కాదట. చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మియే యట. కావున పెండ్లికి అడ్డమేమియు లేకపోయినది.

చదువరులారా, నన్ను మన్నింపుడు. నాకు ప్రియమైన చిత్రముమీదనే నేను ఫిర్యాదు చేయుచున్నాను. జమీందారు దంపతులు మేరీని కన్నకూతువలె ప్రేమించిరి. అది చూచి మనము కంట తడిపెట్టితిమి. ఆమె నిజముగా కన్నకూతురే యని తేలిన వెంటనే ఆ ప్రేమకు విలువ తగ్గిపోలేదా? పరాయిబిడ్డను ప్రేమించుట గొప్ప. తన బిడ్డను ప్రేమించుటలో గొప్పయేమున్నది? మేరీ మేరీగానే యుండి రావును పెండ్లాడుటకు 1955 నాటి ప్రేక్షకులు ఒప్పుకొనియుండరని అందురు. కావచ్చును. నేటి ప్రేక్షకులు మాత్రము ఒప్పుకొందురని నాకు నమ్మకమేమి? 1976లో వచ్చిన "అమెరికా అమ్మాయి"లో నాయిక వేషము వేసిన దేవయాని ఫ్రాన్సు దేశమున పుట్టి, మన దేశమునకు వచ్చి, ఏండ్లతరబడి శ్రమపడి భరతనాట్యము నేర్చిన స్త్రీ. ఆమె పాదములకు మన తాళము పట్టుబడినందుకు మనము చప్పట్లు కొట్టితిమి. ఆమె దేశపు పాట యొక్కటి నేర్చుకొందమని మనలో ఎందఱికి తోచినది? ఎదుటివారు మనవలె మాఱినప్పుడు కలుగు సంతోషమునే మనము సమభావమని పిలుచుకొనుచున్నాము. వారు మాఱకుండ మన యెదుట కూర్చుండినప్పుడు మన ముఖమెట్లుండునో, అది వేఱు ప్రశ్న.

ఈ ప్రశ్న మా గుట్టమీద మఱింత ఇబ్బందికరముగా నిలిచినది. 1970ల నడుమ అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ ప్రాంతమున అన్నపూర్ణా స్టూడియో కట్టిరి. పిమ్మట పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలసినవి. చిత్రసీమవారికి స్థలములు దొరికి ఫిలింనగరు ఏర్పడినది. అంతకుముందు ఇవి నిర్జనమైన బండలని చాలమంది తలంపు. పొరుగు గుట్టకు బంజారాల పేరుండుటయే ఆ తలంపు తప్పని చెప్పుచున్నది. 1933లో రవీంద్రనాథ ఠాకూరు ఆ గుట్టలకు అతిథిగా వచ్చి, ఒక చిన్న కవిత వ్రాసిపోయెను. ఆయన ఉండినది కొలదినాళ్ళే. అరువదియేండ్లుగా బండలను పేల్చి మేడలు కట్టుకొనిన మనము ఈ నేలకు ఏమి వ్రాసితిమి?

చెన్నపట్టణమున నున్నప్పుడు మనవారు పరాయిచోట నుంటిమని ఎఱుగుదురు గనుక అరవము నేర్చుకొనిరి. ఇచ్చటికి వచ్చినప్పుడు స్వగృహమునకు వచ్చితిమనుకొనిరి. అందుచేత ఎవరిని ఏమియు అడుగలేదు. ఈ నేలమీద తెలుగు కలదు, దక్కనీ ఉర్దూ కలదు, ఆ రెండును కలిసి పండిన పలుకుబడి కలదు. మన చిత్రములు ఆ పలుకుబడిని ఎంతకాలమో రౌడీకిని, హాస్యగానికిని, ఇంటి నౌకరుకును ఇచ్చినవి. నాయకుని తల్లి ఆ భాష మాటలాడుట ఎన్నడైన వింటిమా? ఎవరి నేలమీద మన దీపములు వెలుగుచున్నవో, వారి మాటనే నవ్వులకు వాడుకొంటిమి. ఇది పొరుగువారిని ఎఱుగని దోషము మాత్రమే కాదు. ఇంటివారినే పొరుగువారినిగా చేసిన దోషము.

2017లో శేఖర్ కమ్ములగారి "ఫిదా" వచ్చినది. అందు బాన్సువాడ పిల్లయైన నాయిక తెలంగాణపు పలుకుబడిలో, తలయెత్తి, ప్రేమించుచు, పోట్లాడుచు మాటలాడెను. ఆ వేషము ధరించిన సాయిపల్లవి నీలగిరులలో పుట్టి కోయంబత్తూరున పెరిగినది. తన మాటలు తానే నేర్చుకొని తన గొంతుతోనే చెప్పుకొనెను. మా వీధివారు నలువదియేండ్లలో నేర్వని దానిని, కొండలు దాటి వచ్చిన ఒక పిల్ల ఒక చిత్రముకొఱకు నేర్చినది. ఆమె తెలివితేటలను మెచ్చుకొనుట సులువు. నాకు మాత్రము ఆ థియేటరులో సిగ్గు వేసినది.

ఆ సిగ్గు సినిమావారిది మాత్రమే కాదు. మా యింట పాలమూరునుండి వచ్చిన ఒక స్త్రీ పదునొకండేండ్లు పని చేసెను. ఆషాఢమాసమున ఒక ఆదివారము ఆమె సెలవు అడుగును, మేము ఇచ్చుచుంటిమి. "బోనాలున్నయి" అనును, "సరే" అందుము. పదేండ్లపాటు మా సంభాషణము ఇంతే. ఆమె మంచినీళ్ళు త్రాగు గ్లాసు మా పెరటి గూటిలో వేఱుగా నుండెడిది. సంస్కరణమును గూర్చి సభలలో మాటలాడు మా యింటిలో ఆ గ్లాసును ఎవరును చూడలేదు, చూచినను చూడనట్లుండిరి.

పదునొకండవ యేట మా తల్లి, పొద్దు పోకనే కావచ్చును, "ఆ బోనంలో ఏం వండుతావే?" అని అడిగెను. పాలును బెల్లమును వేసి అన్నము వండుదుననియు, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపము నుంచుదుననియు ఆమె చెప్పెను. గోదావరితీరమున పుట్టిన మా తల్లికి సంతోషము కలిగినది. "మా వైపూ ఇంతేనే తల్లీ. మేమూ అమ్మవారికి పొంగలి పెడతాం. అంతా ఒక్కటే" అనెను.

ఆమె చేతిలోని చీపురు క్రింద పెట్టి, "ఒక్కటెట్లయితదమ్మా? మీ అమ్మవారు మీకు, మా పోశమ్మ మాకు. జర కూసో, చెప్త" అనెను.

మా తల్లి కూర్చుండెను. ఆమె పోశమ్మకును ఎల్లమ్మకును గల భేదమును, పోతురాజు వేషమును, రంగమునాడు పూనకముతో భవిష్యము చెప్పు స్త్రీని, తన అత్త బోనమెత్తిన తీరును ఒక గంటసేపు చెప్పినది. నడుమనడుమ మా తల్లి "మా ఊళ్ళోనూ" అని మొదలుపెట్టుచుండెను. ఆమె "గది వేరే" అని ఆపుచుండెను. ఆనాడు మా యింట మధ్యాహ్నభోజనము రెండుగంటలకు జరిగినది. నేను విసుగుకొంటిని, దానిని దాచి ప్రయోజనము లేదు. గ్లాసు సంగతి మాత్రము మఱి నాలుగునెలలకుగాని మాఱలేదు. అదియును మా తల్లి పట్టుబట్టగా, నా యూహవలన కాదు.

మఱుసటి యాషాఢమున ఆమె సెలవు అడుగగా మా తల్లి, "ఈ ఏడు నన్నూ తీసుకుపోతావా?" అనెను. ఆమె మా తల్లి మోకాళ్ళవైపు కొంతసేపు చూచి, "శానా దూరం నడువాలె. బోనం ఎత్తుకున్నోళ్ళు నడుమ ఆగరు" అనెను.

ఆ సాయంకాలమే మా తల్లి చెప్పులు తొడుగుకొని, వీధి చివరివరకు నడచి వచ్చుట మొదలుపెట్టినది.