శరీరం అమానతు: ఆపరేషన్‌తో బాధ్యత తీరిపోదు

ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి ప్రాంతాల్లో నివసిస్తూ హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్లివచ్చే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇలాంటి ఇళ్లలోని సోదరీమణులు పైకి అడగడానికి సిగ్గుపడే ప్రశ్న ఒకటుంది. క్యాన్సర్ వల్ల రొమ్ము తొలగించిన తర్వాత దాని స్థానంలో సిలికాన్ ఇంప్లాంటు అమర్చుకోవడం ధర్మసమ్మతమేనా? అమర్చుకున్నవారు ఏళ్ల తరబడి దానితో ఎలా జీవించాలి? కేవలం అందం కోసం అమర్చుకొని, తర్వాత పశ్చాత్తాపపడే స్త్రీ ఏం చేయాలి?

సిగ్గుపడి దాటవేయవలసిన విషయం కాదిది. 2012-16 సంవత్సరాల వివరాలతో 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ నమోదు నివేదిక ప్రకారం, వయసు తేడాలను సరిచేసి లెక్కిస్తే హైదరాబాద్ జిల్లాలో ఏటా ప్రతి లక్షమంది స్త్రీలలో 48 మంది రొమ్ము క్యాన్సర్ బారిన పడుతున్నారు. దేశంలోని నమోదు కేంద్రాలలో ఇదే అత్యధికం. కనుక ఇది మన ఇళ్ల సమస్య.

అవసరం వేరు, వ్యామోహం వేరు

అల్లాహ్ మానవుణ్ణి అత్యుత్తమ రూపంలో సృష్టించాడని దివ్యఖుర్ఆన్ (95:4) తెలియజేస్తోంది. దైవసృష్టిని మార్చివేసేలా మానవులను పురికొల్పుతానని షైతాన్ శపథం చేసిన సంగతినీ అది మనకు వినిపిస్తోంది (4:119). అందం కోసం పళ్లు అరగదీయించుకునే, పచ్చబొట్లు పొడిపించుకునే స్త్రీలను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శపించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. 'అందం కోసం' అన్న మాటను ధార్మిక పండితులు ప్రత్యేకంగా గమనించారు. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని లోకం మెప్పు కోసం మార్చుకోవడం ఒకటి, వ్యాధి హరించినదాన్ని తిరిగి సమకూర్చుకోవడం మరొకటి.

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2007లో మలేసియాలోని పుత్రజయలో జరిగిన సమావేశంలో ఈ తేడానే స్పష్టం చేసింది. రొమ్ము తొలగించినప్పుడు దాన్ని పునర్నిర్మించడం ధర్మసమ్మతమని తీర్మానించింది. వైద్యావసరం లేకుండా అందం కోసమే చేసే శస్త్రచికిత్సలను అనుమతించలేదు. మన దేశంలోని ఆరోగ్య బీమా నిబంధనలు సైతం అందం కోసం చేసే ఆపరేషన్లను మినహాయించి, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణాన్ని వేరుగా చూస్తున్నాయి.

హజ్రత్ అర్ఫజా (రజి) నేర్పే పాఠం

అజ్ఞానకాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో హజ్రత్ అర్ఫజా (రజి) తన ముక్కును కోల్పోయారు. వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొంతకాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు పెట్టుకోమన్నారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది.

పురుషులకు బంగారం నిషిద్ధం. అయినా అవసరం అక్కడ అనుమతికి కారణమయింది. ఇందులో మరో పాఠం కూడా ఉంది. అమర్చుకున్న వస్తువు తర్వాత పాడయింది. 'నీ విధిరాత, ఓర్చుకో' అని దైవప్రవక్త (స) అనలేదు. 'ఒకసారి పెట్టుకున్నావు కదా' అని మందలించనూ లేదు. మరొకటి అమర్చుకునే మార్గం చూపించారు. అంటే అమర్చిన రోజుతో బాధ్యత తీరిపోదన్నమాట!

ఏళ్లు గడిచాక

సిలికాన్ జెల్ ఇంప్లాంటును తొలిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక మహిళకు అమర్చారు. అవి జీవితకాలమంతా నిలిచే వస్తువులు కావనీ, కాలం గడిచేకొద్దీ సమస్యలు తలెత్తే అవకాశం పెరుగుతుందనీ 2021లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తప్పనిసరి హెచ్చరికగా చేర్చింది. శరీరం ఇంప్లాంటు చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. కొందరిలో అది బిగుసుకుపోయి నొప్పి కలిగిస్తుంది. జెల్ ఇంప్లాంటు ఏ లక్షణమూ కనిపించకుండానే లోపల చిట్లిపోవచ్చు. అందుకే ఆపరేషన్ జరిగిన 5-6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత ప్రతి 2-3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై పరీక్ష చేయించుకోవాలని ఆ సంస్థ సూచించింది.

గరుకు ఉపరితలం గల ఇంప్లాంట్ల వల్ల అరుదుగా ఒక రకం లింఫోమా క్యాన్సర్ వస్తుందని తేలడంతో 2019లో అలర్గాన్ కంపెనీ ఆ రకాన్ని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఫ్రాన్స్‌కు చెందిన పి.ఐ.పి. కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్ వాడి మోసగించినట్లు 2010లో బయటపడింది. కాబట్టి ఇంప్లాంటు పేరు, నంబరు ఉన్న కార్డును జాగ్రత్తగా దాచుకోవాలి. మామోగ్రామ్ తీసేవారికి ముందే విషయం చెప్పాలి. ఏళ్ల తర్వాత వాపు, గడ్డ, నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. వీలైనంతవరకు మహిళా డాక్టరును చూసుకోవాలి. దొరకనప్పుడు అవసరం మేరకు అనుమతి ఉంది. చర్మం లోపల ఉండే ఇంప్లాంటు గుస్ల్‌కు అడ్డు కాదు. ఈ విషయంలో సందేహాలు అక్కర్లేదు.

పశ్చాత్తాపమంటే నిర్లక్ష్యం కాదు

ఇక అందం కోసమే చేయించుకున్న సోదరి సంగతి. ఆమె హృదయపూర్వకంగా తౌబా చేసుకుంటే అల్లాహ్ క్షమాద్వారం తెరిచే ఉంది. తీసివేయడం వల్ల హాని కలుగుతుందని డాక్టరు చెబితే ప్రాణం మీదికి తెచ్చుకోవలసిన పనిలేదు. నిర్ణయం తీసుకునే ముందు నమ్మకమైన డాక్టరునూ, ధార్మిక పండితులనూ సంప్రదించాలి. అయితే 'నేను చేసింది పాపం, ఎవరికీ చెప్పుకోలేను' అంటూ పరీక్షలకు వెళ్లకుండా ఉండటం మాత్రం తౌబా కాదు. మన దేహానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. తప్పు చేసిన దేహానికీ ఆ హక్కు ఉంటుంది. పాపాన్ని ద్వేషించాలేగానీ, అల్లాహ్ అప్పగించిన అమానతును శిక్షించే అధికారం మనకెక్కడిది?

ఇంటివారికీ బాధ్యత ఉంది. భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రాల వంటివారని దివ్యఖుర్ఆన్ (2:187) చెబుతోంది. వస్త్రం లోపాన్ని కప్పుతుంది, చలి నుంచి కాపాడుతుంది. క్యాన్సర్‌ను జయించి వచ్చిన భార్యను 'ఇప్పుడు నీకు ఇదంతా ఎందుకు?' అనే భర్త ఎలాంటి వస్త్రం? ఇంప్లాంటు వద్దనుకుంటే ఆమె ఇష్టం. కావాలనుకుంటే అది ఆమెకున్న అనుమతి. ఏది ఎంచుకున్నా పరీక్షకు తోడు వెళ్లడం భర్త ధర్మం. ఆమె వ్యాధి సంగతిని బంధువులలో చర్చకు పెట్టకపోవడం అత్తింటివారి ధర్మం.

ఇక మన అమ్మాయిల ముందు వారి రంగునూ, ఒడ్డూ పొడుగునూ ఇతరులతో పోల్చి మాట్లాడే అలవాటును ఈరోజే మానుకుందాం. అల్లాహ్ ఇచ్చిన రూపం పట్ల అసంతృప్తి చాలాసార్లు క్లినిక్‌లో కాదు, ఇంట్లోనే మొదలవుతుంది.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతనూ, తప్పు చేసినవారికి తౌబా భాగ్యాన్నీ, మనందరికీ ఆయన అమానతును కాపాడుకునే సద్బుద్ధినీ ప్రసాదించుగాక! ఆమీన్.